ఇనప చొక్కా అడిగిన ఊరికి

నేను చేసే ఉద్యోగానికి మా ఇంట్లో ఇప్పటికీ సరైన పేరు లేదు. మా అత్తగారు మాత్రం "మా కోడలు బొమ్మలకి మాటలు నేర్పుతుంది" అని చెప్పుకుంటారు. ఉన్న మాట అదే. జపాను వాళ్ళు తీసిన బొమ్మల సీరియళ్ళు హైదరాబాదుకి వస్తాయి. వాటిలో పెదవులు ఎంతసేపు ఆడితే అంతసేపు సరిపోయే తెలుగు రాయాలి. నోరు తెరిచినప్పుడు 'ఆ' పడాలి, మూసినప్పుడు 'మ' పడాలి. అర్థం ఆ తర్వాతి సంగతి.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి అలాంటి సీరియల్ ఒకటి చేశాం. పన్నెండేళ్ళ పిల్లకి ప్రమాదంలో ఒక చెయ్యి, రెండు కాళ్ళు పోతాయి. వాటి చోట యంత్రాలు అమర్చి, పైన ఇనప కవచం తొడుగుతారు. సగం మనిషి, సగం మర. సైబోర్గ్ అంటే పిల్లలకి నోరు తిరగదని 'మరపిల్ల' అని రాశాను. ఆ పేరుతోనే అది ఇల్లిల్లూ తిరిగింది.

చిక్కు చివరి భాగంలో వచ్చింది. మరపిల్ల మనవైపు తిరిగి ఒక్క మాట చెబుతుంది: "బలం అందరిలోనూ ఉంటుంది." తెలుగులో ఆ మాట అయిపోయింది కానీ పెదవులు ఆడుతూనే ఉన్నాయి. గాజు తలుపు అవతల గొంతు ఇచ్చే అమ్మాయి మైకు ముందు ఎదురుచూస్తోంది. స్టూడియో గంటల లెక్కన అద్దెకి తీసుకున్నది. నేను గబగబా కింద ఇంకో ముక్క చేర్చాను: "ఇలాంటి కవచం జపానులో నిజంగానే ఉంది! కావాలంటే మాకు రాయండి!" పెదవులకి అతికినట్టు సరిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మొదటి ముక్క అబద్ధం కాదు. ఆ సీరియల్‌తో పాటు ప్రచారం కోసం ఒక సీడీ వచ్చింది. అందులో, నడుముకీ కాళ్ళకీ మోటార్ల చట్రం బిగించుకుని మంచం మీదనుంచి లేచి నడుస్తున్న ఒక జపాను తాత ఉన్నాడు. కానీ "మాకు రాయండి" అనడానికి నాకు ఎవరూ అధికారం ఇవ్వలేదు.

ఒక ఉత్తరం, ఇద్దరు చదువరులు

రాశారు. తమిళనాడు నుంచి, కోవిల్‌పట్టి ముద్రతో, తమిళ అక్షరాలతో ఒక ఉత్తరం వచ్చింది. మా క్యాంటీన్ మణి మద్రాసువాడు కదా అని అతని చేతిలో పెట్టాను. నాలుగు ముక్కలు చదివి తల గోక్కున్నాడు. "అక్షరాలు మావే మేడమ్, భాష మాది కాదు" అన్నాడు. ఊరికే పైకి చదవమన్నాను. అతను అర్థం తెలియకుండా చదివాడు, నేను అక్షరం తెలియకుండా విన్నాను. అది తెలుగు!

"అమ్మా, మీ బొమ్మలో ఆ పిల్ల ఏసుకుండే ఇనప సట్ట ఆడ అమ్ముతారా? మా అన్నకి నడుము పోయినాది. మా కూతురు కల్యాణం వస్తా ఉండాది. మేనమామ పిల్లని ఎత్తాల. ఒక్క దినానికి ఇస్తే సాలు, మళ్ళా పంపిస్తాము. కావాలంటే రాయండి అన్నారు గదా, రాసినాను. గురువమ్మ."

సట్ట అంటే చొక్కా. మా ప్రొడ్యూసర్ కడుపు పట్టుకుని నవ్వాడు. "ఇంతకీ ఆ లైను ఎవరు రాశారండీ?" అని అడిగితే గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకున్నాను. జవాబు రాద్దామంటే ఆమెకి తెలుగు అక్షరం రాదు, నాకు తమిళ అక్షరం రాదు. ఉత్తరం అడుగున వేసిన పెళ్ళి తేదీకి వారం కూడా లేదు. 'లేదు' అనే మాట మణి చేత రాయించి పంపడానికి మనసొప్పలేదు. సీడీ సంచిలో వేసుకుని రైలెక్కాను. కాదనడానికి అంత దూరం వెళ్ళే మనిషిని అంతవరకూ నేను చూడలేదు.

కోవిల్‌పట్టి

నల్లరేగడి నేల, ఎండ, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల వ్యాన్లు. గురువమ్మ ఇల్లు కనుక్కుంటూ వెళ్తుంటే వీధిలో తమిళమే వినిపించింది. గడప దాటగానే తెలుగు మొదలైంది. వాళ్ళకి తెలుగు గుమ్మం లోపలి వస్తువు, బయటికి పోయేటప్పుడు చెప్పులతో పాటు తమిళం తొడుక్కుంటారు. ఎన్నో తరాల కింద వచ్చిన ఆ తెలుగులో మా అమ్మమ్మ వాడిన మాటలు వినిపించి నాకు ఒళ్ళు ఝల్లుమంది. వాళ్ళకి మాత్రం నా తెలుగు విని నవ్వు ఆగలేదు.

"టీవీలో మాట్లాడినట్టే మాట్లాడుతుండారే!" అంది పెళ్ళికూతురు కస్తూరి. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల. మరపిల్ల సీరియల్ ఒక్క భాగం వదలకుండా చూసింది. వాళ్ళమ్మ చెబుతుంటే ఉత్తరం రాసిందీ ఆమే.

గురువమ్మ చెక్క చట్రంలో అగ్గిపుల్లలు పేరుస్తోంది. పెళ్ళి ఎల్లుండి అయినా చేతులు ఆగలేదు. ఆమె కళ్ళు మాత్రం నా సంచి మీద ఉన్నాయి. పట్టుచీర, మార్చుకునే బట్టలు కుక్కడం వల్ల అది గర్భిణిలా ఉంది. ఆమె ఏమనుకుంటోందో తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను.

"సట్ట తెచ్చినారా?" అంది.

నిజం చెప్పాను. ఆ చట్రాలు జపానులో కొన్ని ఆసుపత్రుల్లోనే ఉన్నాయని, అంగట్లో దొరకవని, మళ్ళీ నడక నేర్పడానికే తప్ప మనిషిని ఎత్తడానికి ఇవ్వరని, సీరియల్లో ఆ మాట నేను పెదవుల కోసం రాశానని. ఆమె చట్రం నిండేదాకా పుల్లలు పేర్చింది. తర్వాత తలెత్తింది.

"అంటే లేదు."

"లేదమ్మా."

"ఇది సెప్పేదానికి అంత దూరం వచ్చినారా?"

"అవును."

"సరి. ముందు కూడు తినండి."

సజ్జ అంబలి, చిన్న ఉల్లిపాయలు, ఎండు మిరపకాయ వేయించినది. తర్వాత నోరు తీపి చేసుకోవడానికి ఆ ఊరి పల్లీ పట్టి. మన చిక్కీ లాంటిదే కానీ, మన చిక్కీకి పళ్ళతో పోట్లాట, దీనికి స్నేహం. నేను మూడు ముక్కలు తిన్నాను. గోడ దగ్గర వక్కాకు దంచుకుంటున్న ముసలమ్మ, గురువమ్మ తల్లి ఎంగటమ్మ అవ్వ, నన్ను ఎగాదిగా చూసి, "అయితే సుమ్మా వచ్చినారు" అని తేల్చేసింది. సుమ్మా అంటే ఊరికే. కాదనలేకపోయాను.

తింటుండగా గురువమ్మ అసలు సంగతి చెప్పింది. మన పెళ్ళిళ్ళలో మేనమామలు పెళ్ళికూతుర్ని బుట్టలో కూచోబెట్టి తెస్తారు. వీళ్ళింట్లో బుట్ట లేదు. మేనమామ తన రెండు చేతుల్లో ఎత్తుకుని, గడప దగ్గర నుంచి పందిట్లో పీట దాకా పిల్ల కాలు నేల తగలకుండా తేవాలి. గురువమ్మ అన్న అళగర్సామి విరుదునగరంలో గోడౌన్ల దగ్గర మూటలు మోసేవాడు. రెండేళ్ళ కింద లారీ మీద నుంచి మూటలు జారి నడుం మీద పడ్డాయి. ఇప్పుడు చేతుల్లో బలం ఉంది కానీ కాళ్ళు మాట వినవు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తాడంతే.

"శివకాశి నించి మా సిన్నాయన కొడుకు వస్తాడు, వాడూ మామే గదా, ఎత్తుతాడు. తప్పు లేదు" అంది గురువమ్మ. "కానీ మా అన్న, ఎత్తలేని మామ పందిట్లో ఏంటికి, నేను రాను అంటుండాడు."

"మామ రాకుంటే నేను పీట ఎక్కను" అంది కస్తూరి. నవ్వుతూ అనలేదు.

గురువమ్మ నా సంచి వైపు మళ్ళీ చూసింది. "సట్ట లేదు. ఇంకేమి తెచ్చినారు?"

"ఒక సీడీ" అన్నాను. ఆ మాట అంటుంటే నాకే చిన్నతనంగా ఉంది.

"అదైనా మా అన్నకి సూపించండి. నా మాట వినేవాడు కాదు. దూరం నించి వచ్చిన మనిషి మాట వింటాడేమో."

విరుదునగరం: నూనె పరోటా

నలుగు పెట్టిన పెళ్ళికూతురు ఊరు దాటకూడదట. అందుకని మర్నాడు పొద్దున్నే గురువమ్మా నేనూ బస్సెక్కాం. విరుదునగరం కంటికి కనబడకముందే ముక్కుకి అందుతుంది. మిరపకాయలు, ధనియాలు, పప్పులు, గానుగ నూనె. నాలుగు తుమ్ములతో ఊళ్ళోకి అడుగుపెట్టాను.

అళగర్సామిది యాభై ఏళ్ళ లోపు వయసు. తలుపంత వెడల్పు భుజాలు. అరుగు మీద కూచుని ఉన్నాడు, పక్కన కర్ర. చెల్లెలు నన్ను పరిచయం చేసి సట్ట సంగతి చెబితే ముఖం ముడుచుకున్నాడు. అతనికి తెలియకుండా ఉత్తరం రాశారని కోపం. ఆ కోపంలోనూ మర్యాద మానలేదు. ఇంటికొచ్చినవాళ్ళకి తిండి పెట్టకుండా తిట్టడం ఆ ఊళ్ళో లేదనుకుంటాను.

తెప్పించినవి నూనె పరోటాలు. మన దగ్గర పరోటా పెనం మీద కాలుస్తారు. ఇక్కడ నూనెలో ములిగేలా వేయించి, కరకరలాడేటప్పుడు తుంచి, మీద పలచటి కారం పులుసు పోస్తారు. హైదరాబాదులో ఒక కాఫీకి అయ్యే డబ్బుకి ఇక్కడ ఇద్దరం కడుపునిండా తిన్నాం. రెండోసారి పులుసు పోస్తుంటే నేను వద్దనలేదు. అది చూసి అళగర్సామి ముఖం కొంచెం విచ్చుకుంది.

"సరి, సూద్దాము మీ బొమ్మ" అన్నాడు.

పక్క సందులో సినిమా సీడీలు అద్దెకిచ్చే కొట్టు ఉంది. అతను కర్ర మీద ఆగి ఆగి వచ్చేసరికి మధ్యాహ్నం భోజనాలకి విడిచిన మోతగాళ్ళు కూడా వెనకే చేరారు. ముందు మరపిల్ల వచ్చింది. ఒంటి చేత్తో లారీ ఎత్తింది. కొట్టంతా ఈలలు. అళగర్సామి మాత్రం పెదవి విరిచాడు.

"తప్పు. లారీ ఎత్తితే కాళ్ళు బూమిలో దిగాల గదా? ఆ పిల్ల కాలికింద దుమ్మైనా లేవలేదు. బరువు ఎక్కడ పోయినాది?"

ఇన్నేళ్ళుగా ఇలాంటి బొమ్మలకి మాటలు రాశాను. ఎత్తిన బరువు ఎక్కడికి పోతుందని ఒక్కనాడూ అడగలేదు.

తర్వాత జపాను తాత వచ్చాడు. మంచం అంచున కూచున్నాడు. నడుం చుట్టూ తెల్లటి పట్టీ, తుంట్ల దగ్గర గుండ్రటి మోటార్లు, తొడల మీదుగా మోకాళ్ళ దాకా చట్రం. చర్మం మీద అతికించిన బిళ్ళలకి సన్నటి తీగలు. తాత లేచి నిలబడ్డాడు. ఒక అడుగు వేశాడు, ఇంకొకటి వేశాడు. కొట్టులో ఈల వెయ్యడం ఎవరికీ తోచలేదు.

"మళ్ళా పెట్టు" అన్నాడు అళగర్సామి.

నాలుగుసార్లు చూశాడు. నాలుగోసారి తెరకి జానెడు దూరంలో కూచున్నాడు. ఆ తీగలు ఏంటికని అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను. నడవాలని మనిషి అనుకోగానే కండకి కబురు వెళుతుంది. కండ కదలలేకపోయినా ఆ కబురు చర్మం దాకా వస్తుంది, బిళ్ళలు దాన్ని పట్టుకుంటాయి, అప్పుడు మోటారు కదుపుతుంది.

"అంటే యంత్రం నడిపించేది లేదు. తాత అనుకునేదాకా కాచుకోని ఉండాది."

"అంతే."

అతను వెనక్కి తిరిగి మోతగాళ్ళని చూశాడు. "నడుముకి ఒకటి. ఈ పక్క తొడకి ఒకటి, ఆ పక్క తొడకి ఒకటి. మూడు." వేళ్ళు మడిచాడు. "మేస్త్రీ, మనకి మనుసులు ముగ్గురు సాలు గదా?"

మేస్త్రి పేరు మాడసామి. పెద్ద మీసాలు. అతను నవ్వలేదు, తల మీది తువ్వాలు విప్పాడు.

మిరపకాయల గోడౌన్

ఆ మధ్యాహ్నం నేను చూసినది ఏ జపాను కంపెనీ వాళ్ళూ చూసి ఉండరు. అళగర్సామి నడుం చుట్టూ నాలుగు మడతల తువ్వాలు బిగించి, వెనకనుంచి మాడసామి ముడి పట్టుకుని పైకి లాగి నిలబెట్టాడు. కొత్తగా మూట మోసేవాణ్ణి పెద్ద మోతగాడు వెనక అలాగే పట్టుకుని నడిపిస్తాడట. కుడిపక్క ఒకడు, ఎడమపక్క ఒకడు. ఇద్దరి కాళ్ళూ అళగర్సామి కాళ్ళకి తొడ దగ్గరా మోకాలి కిందా తువ్వాళ్ళతో కట్టారు. బళ్ళో ఆడే మూడుకాళ్ళ పందెం లాగే. చేతుల్లో కస్తూరి బదులు ఒక మిరపకాయల బస్తా పెట్టారు.

"ఒణ్ణు, రెండు!" అని మేస్త్రి అరవంలో ఒకటీ రెండూ లెక్క అరిచాడు. ముగ్గురూ కదిలారు. అళగర్సామి కదలలేదు. నలుగురూ బస్తాతో సహా కుప్పకూలారు, సరిగ్గా నా సంచి మీద. బస్తా కుట్టు ఊడింది. గోడౌనంతా ఒకటే తుమ్ములు, నవ్వులు, కళ్ళనీళ్ళు. పెళ్ళికి కట్టుకుందామని తెచ్చుకున్న పట్టుచీర ఇప్పటికీ విప్పితే తుమ్ము వస్తుంది.

గురువమ్మ పరిగెత్తింది. "సాలు అన్నా, వద్దు! ఉండే నడుమైనా ఉండనీ!"

ఒక ఖాళీ పెదవి కోసం నేను రాసిన ముక్క ఈ మనిషిని ఇక్కడిదాకా తెచ్చిందని భయం వేసింది. నేనూ వద్దని బతిమాలాను.

అళగర్సామి నేల మీద కూచునే ముక్కు తుడుచుకున్నాడు. "తప్పు మాది" అన్నాడు. "మేస్త్రి లెక్క సెప్పినాడు, మీరు నడిచినారు. ఆ యంత్రం అట్ల సెయ్యలేదు గదా, అది తాత కోసం కాచుకున్నాది. లెక్క వద్దు. నేను తొడ బిగిస్తాను. కొంచెమే బిగుస్తాది. కట్టిన కాలికి తెలుస్తాది. తెలిసినాకే కదలండి. ఎవురు అరిచినా, నేను పడేటట్టు ఉన్నా, ముందు కదలద్దు."

మూటలు మోసేవాళ్ళకి లెక్క లేకుండా నడవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. వాళ్ళ ప్రాణం ఆ ఒణ్ణు రెండులోనే ఉంటుంది. రెండోసారి ఒక అడుగు పడింది. పదోసారికి నాలుగు. పొద్దు వాలేసరికి గోడ నుంచి గోడకి మిరపకాయల బస్తా చేరింది. గురువమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ అది మిరపకాయల ఘాటు అంది. నేనూ అదే అన్నాను.

పందిరి

మర్నాడు పొద్దున ముహూర్తం. అళగర్సామి తెల్లచొక్కా, కొత్త పంచెతో వ్యానులో దిగాడు. కస్తూరి గడప లోపల నిలబడి ఉంది, మెడలో మల్లెదండ. తువ్వాళ్ళ బదులు ఈసారి పసుపు గుడ్డలు కట్టారు. అది గురువమ్మ ఆలోచన.

అనుకున్నట్టే ఒక పెద్దాయన లేచాడు. "ఇదేమి పద్దతి? మేనమామ ఎత్తాలంటే నలుగురు ఎత్తుతుండారే!" శివకాశి నుంచి వచ్చిన చిన్నమామ తన చేతులు చూసుకున్నాడు. పందిరంతా గుసగుసలు. అళగర్సామి ముఖం పాలిపోయింది.

వక్కాకు దంచడం ఆపింది ఎంగటమ్మ అవ్వ. "మేనమామ పిల్లని ఎత్తాలని ఉండాది" అంది, ఎవరినీ చూడకుండా. "మేనమామని ఎవురూ పట్టుకోకూడదని మన పెద్దోళ్ళు ఎవురు సెప్పినారు? సెప్పినోడి పేరు సెప్పు."

పెద్దాయన కూచున్నాడు.

కస్తూరి మామ చేతుల్లోకి ఎక్కింది. గడప నుంచి పీట దాకా పద్నాలుగు అడుగులని నేను ముందే లెక్కపెట్టుకున్నాను. మేళం మోగింది. జనం "నడవండి, నడవండి" అని అరిచారు. నలుగురూ రాళ్ళలా నిలబడ్డారు. వాద్యం వాళ్ళు అయోమయంగా ఒకరినొకరు చూసుకుని ఆపేశారు. మేస్త్రి మీసం మీద చెమట బొట్టు కారుతోంది, కదిలితే ఒట్టు. కస్తూరి మామ చెవిలో మెల్లగా, "మామా, నాకి తొందర లేదు" అంది.

కుడికాలు కదిలింది. దానితో పాటు దానికి కట్టిన కాలూ కదిలింది. తర్వాత ఎడమది. అడుగు పడ్డ ప్రతిచోటా పందిట్లో చల్లిన ఇసుక దిగబడడం చూశాను. మరపిల్ల కాళ్ళకింద లేని బరువు అక్కడ ఉంది. తొమ్మిదో అడుగులో ఎడమపక్కవాడి పంచె జారితే, చిన్నమామ పరిగెత్తి వచ్చి పట్టుకుని, చివరిదాకా ఆ పంచె పట్టుకునే నడిచాడు. పద్నాలుగో అడుగుకి కస్తూరి పీట మీద ఉంది. మేనమామకి మర్యాదగా కట్టే తలపాగా అళగర్సామి తల మీద ఉంది. నేను ఏడుస్తున్నానని పక్కావిడ చెబితే గాని నాకు తెలియలేదు. మిరపకాయల చీర కట్టుకున్నందువల్ల పందిట్లో సగంమంది నాతో పాటు కళ్ళు తుడుచుకుంటున్నారు.

భోజనాల దగ్గర అళగర్సామి నా ఎదురుగా కూచున్నాడు. కాళ్ళకింద బరువు చూపించమని ఆ బొమ్మలు గీసేవాళ్ళకి చెప్పమన్నాడు. తప్పకుండా అన్నాను. గురువమ్మ నా సంచిలో రెండు కిలోల పల్లీ పట్టి కుక్కింది. వచ్చేటప్పుడు ఎంత ఉబ్బిందో, పోయేటప్పుడూ అంతే ఉబ్బి ఉంది.

ఇంకో ఉత్తరం

తిరిగొచ్చాక బలపం పట్టినట్టే కూచుని తమిళ అక్షరాలు నేర్చుకున్నాను. క్యాంటీన్ మణి గురువు, పల్లీ పట్టి గురుదక్షిణ. ఈలోగా పనిలోనూ ఒక మార్పు వచ్చింది. మాట అయిపోయాక పెదవులు ఇంకా ఆడుతుంటే, అయోమయంగా ఒక "ఊఁ" అనిపిస్తానే గాని వాగ్దానాలు చేయించను.

మూడు నెలలకి కోవిల్‌పట్టి ముద్రతో ఉత్తరం వచ్చింది. మణిని పిలవలేదు. వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, మధ్యాహ్నం భోజనం మానేసి నేనే చదివాను.

"అమ్మా, కావాలంటే రాయండి అన్నారు గదా. ఇప్పుడు మాకి ఏమీ వద్దు. సుమ్మా రాసినాను. గురువమ్మ."